బందరు కాలవ గట్టు మీద కార్డియో

ఏటా ఆఫీసువాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌ని ఇన్నాళ్ళూ నేను ఉచిత టిఫిను దొరికే కార్యక్రమంగా చూసేవాణ్ణి. ఈసారి స్కానింగ్ రిపోర్టులో కొత్తగా ఒక లైను వచ్చి కూర్చుంది. గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్. నాకింకా ముప్ఫై నిండలేదు. మందు అలవాటు లేదు, సిగరెట్టు లేదు. పొట్ట అంటారా, అది మా టీములో అందరికీ ఉన్నదే, మెడలో ఐడీ కార్డులాగా :)

డాక్టరు గారు మందులేమీ రాయలేదు. "రోజూ ఓ ముప్పావుగంట ఆగకుండా నడవండి, మూడు నెలల తర్వాత చూద్దాం" అన్నారు. జిమ్ములో ట్రైనర్ని అడిగితే "నడక ముసలోళ్ళకి సార్, ఇరవై నిమిషాలు దంచి కొట్టండి, కొవ్వు దానంతటదే కరిగిపోద్ది" అన్నాడు. పక్క సీటాయన మూడో మాట చెప్పాడు. "ఎక్సర్‌సైజుతో కొవ్వు తగ్గటం అనేది పెద్ద అబద్ధం బాసూ, అన్నం మానెయ్, చాలు." ముగ్గురూ ముగ్గురే, ఎవరి మాట మీద వాళ్ళు గట్టిగా ఉన్నారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు (మాది గుడివాడ దగ్గర పల్లెటూరు) ఈ సంగతి చెప్తే మా తాతయ్య పడీ పడీ నవ్వాడు. "నడవమని కూడా చీటీ రాసిచ్చాడంట్రా? ఫీజెంత పుచ్చుకున్నాడు?" అన్నాడు. ఆయనకి ఎనభై దాటాయి. ఇప్పటికీ పొద్దున్నే పొలం దాకా వెళ్ళొస్తాడు. నవ్వితే నవ్వాడుగానీ, తర్వాత అడిగిన ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేకపోయింది. "ఒరేయ్ అబ్బాయ్, మా రోజుల్లో ఊళ్ళో బొజ్జలున్నోళ్ళని వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. అది మేం నడవబట్టా, మాకు తిండి లేకా?"

ఏవిటో, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మూడు వారాంతాలు కృష్ణా డెల్టా చరిత్రా, కొవ్వు మీద జరిగిన పరిశోధనల చరిత్రా పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఆ చదువు ఫలితమే ఈ టపా. కాస్త పొడుగైంది, కూర్చుని కాకుండా నిలబడి చదివితే మీకే మంచిది.

డొక్కల కరువు దగ్గర మొదలు

మన డెల్టాలో కొవ్వు చరిత్ర రాయాలంటే కొవ్వు లేని కాలంతో మొదలుపెట్టాలి. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు, బందరు ప్రాంతాల్లో వానల్లేక వచ్చిన కరువుని జనం డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు బయటికి కనపడ్డాయి కాబట్టి ఆ పేరు. ఒక్క గుంటూరు జిల్లాలోనే ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని లెక్క. పక్కనే కృష్ణలో నీళ్ళు సముద్రంలోకి పోతుంటే ఇక్కడ ఇంతమంది ఆకలితో చచ్చిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకిగానీ పని మొదలుకాలేదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. ఆ ఆలోచనని బలపరిచింది కాటన్ దొర, దగ్గరుండి కట్టించింది ఓర్ అనే కెప్టెన్.

ఆనకట్టతో రెండు జరిగాయి. ఒకటి అందరికీ తెలిసిందే, వరి. రెండోది మనం మర్చిపోయాం. ఈ కాలవలు నీళ్ళకే కాదు, పడవలకీ తవ్వారు. అందుకే మన కాలవల మీద అన్ని లాకులు. బెజవాడ నుంచి బందరుకి, ఏలూరు కాలవ మీదుగా గోదావరి వైపుకి, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా ధాన్యం పడవల్లోనే వెళ్ళేది. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే? పడవకి తాడు కట్టి, ఆ తాడు భుజానికేసుకుని మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు.

ఒక్కసారి ఊహించండి. బెజవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు ఉంటుంది. పడవలో బస్తాలు. వేగం మనిషి నడిచే వేగమే. పరిగెత్తటం లేదు, ఆగటం లేదు, ఊపిరి పీల్చుకుంటూ మాట్లాడుకోగలిగినంత శ్రమ, అదీ గంటల తరబడి. ఇవాళ జిమ్ముల్లో 'లాంగ్ స్టెడీ కార్డియో' అని పేరు పెట్టి ట్రెడ్‌మిల్ మీద చేయించేది అక్షరాలా ఇదే. తేడా ఏంటంటే వాళ్ళకి దానికి కూలీ వచ్చేది, మనం నెలనెలా ఎదురు డబ్బులు కడుతున్నాం.

1908లో బెజవాడ నుంచి బందరుకి రైలు వచ్చింది. మెల్లగా పడవలు తగ్గాయి, ఆ తర్వాత సైకిళ్ళొచ్చాయి, బస్సులొచ్చాయి. అయినా మా తాతయ్య చిన్నప్పుడు పడవలు పూర్తిగా పోలేదు. గట్టు మీద తాడు లాగేవాళ్ళ భుజాలు కాయలు కాసి ఉండటం ఆయనకి బాగా గుర్తు. "వాళ్ళల్లో ఒక్కడికీ పొట్ట లేదు" అంటాడు. వెంటనే "ఒక్కడికీ సరైన చొక్కా కూడా లేదు" అని కూడా అంటాడు.

మా అమ్మమ్మగారిది దివిసీమలో నాగాయలంక వైపు. కృష్ణ రెండు పాయల మధ్య చిక్కుకున్న సీమ అది. అమ్మమ్మ కాలాన్ని 'ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత' అని లెక్కేస్తుంది. 1977 నవంబరు 19 అక్కడివాళ్ళకి అలాంటి తేదీ. ఉప్పెనకి ముందు సంగతులు చెప్పమంటే ముందు నడకే చెప్తుంది. రేవు దాకా నడక, సంతకి నడక, మాఘ పౌర్ణమికి హంసలదీవి స్నానానికి నడక. "పిల్లని చంకనేసుకుని నడిచేవాళ్ళమమ్మా" అంటుంది. దాన్ని వ్యాయామం అని ఆవిడ ఏనాడూ అనలేదు. అసలు ఆ రోజుల్లో మనవైపు వ్యాయామం అంటే తాలింఖానా. దండీలు, బస్కీలు, గదలు, కుస్తీ. అది కండ కోసం చేసేది, తిండికి లోటు లేనివాళ్ళు చేసేది. నడక మాత్రం పనిలో భాగం. దానికి వేరే పేరు అక్కర్లేకపోయింది.

1,500 మైళ్ళు నడిస్తే ఎన్ని కిలోలు?

ఇహ మన చరిత్రలో లెక్క కట్టటానికి వీలైన నడకలు కొన్ని ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసిన దండి యాత్ర. 1930 మార్చి 12 నుంచి ఏప్రిల్ 5 దాకా, సుమారు 385 కిలోమీటర్లు. గాంధీగారితో బయల్దేరిన 78 మందిలో మన ఆంధ్ర నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం గారున్నారు. తర్వాత గుడివాడ దగ్గర కొమరవోలులో గాంధీ ఆశ్రమం నడిపింది ఆయనే. మా ఊరికి దగ్గరే అయినా ఇంజనీరింగ్ అయిపోయేదాకా నాకీ సంగతి తెలీదు. సిగ్గుపడాల్సిన విషయమే.

రెండోది అంతకంటే పెద్దది, పుస్తకాల్లో మాత్రం ఒకటి రెండు లైన్లలో అయిపోతుంది. 1937-38 రైతు యాత్ర. ఇచ్ఛాపురంలో మొదలై కోస్తా జిల్లాలన్నీ దాటుకుంటూ 130 రోజులు, 1,500 మైళ్ళు. రెండు వేల మందికి పైగా రైతులు. దారి పొడుగునా వందల సభలు, 1,100కి పైగా అర్జీలు. 1938 మార్చి 27న ఆ అర్జీలు మద్రాసులో శాసనసభకి అందించారు. అప్పుల భారం తగ్గించమన్నది వాళ్ళ ముఖ్యమైన కోరికల్లో ఒకటి. అప్పటి ప్రభుత్వం తెచ్చిన చట్టంలో అది చేరింది కూడా. వాళ్ళు నడిచింది కొవ్వు తగ్గటానికి కాదు, అప్పులు తగ్గటానికి. అవి కాస్తయినా తగ్గాయి.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. 1,500 మైళ్ళంటే 2,400 కిలోమీటర్లు. 130 రోజులకి రోజుకి పద్దెనిమిదిన్నర. చదును నేల మీద నడిస్తే కిలోమీటరుకి, కిలో బరువుకి సుమారు అర కేలరీ అదనంగా ఖర్చవుతుంది. 60 కిలోల రైతుకి రోజుకి 550 కేలరీలు పైచిలుకు. మొత్తం యాత్రకి 72 వేలు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి కాబట్టి, కాగితం మీద ఒక్కొక్కళ్ళకీ తొమ్మిది కిలోల పైన కొవ్వు కరగాలి!

ఒక సన్నటి రైతు ఒంట్లో ఉండే మొత్తం కొవ్వే అంతుంటుందేమో. నిజంగా అంత కరిగితే మద్రాసు చేరేసరికి అందరూ మళ్ళీ డొక్కల కరువు మనుషుల్లా ఉండాలి. ఉపన్యాసాలిచ్చి, అర్జీలు పట్టుకుని సభ దాకా వెళ్ళే ఓపిక ఉండదు. అంటే లెక్కలో ఏదో పోయింది. పోయింది ఆకలి. నడిచిన మనిషికి ఆకలేస్తుంది, దారిలో ఊరివాళ్ళు పెడితే తింటాడు. మనం రాసుకున్న ఫార్ములాలో ఆ వేరియబుల్ లేదు.

జూట్ మిల్లు చెప్పిన సంగతి

ఈ బగ్గుని పట్టుకున్న అధ్యయనం ఎక్కడో అమెరికాలో కాదు, మన పక్క బెంగాల్లో జరిగింది. జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, అక్కడివాళ్ళతో కలిసి, పశ్చిమ బెంగాల్లో ఒక జూట్ మిల్లులో 213 మంది మగవాళ్ళని పరిశీలించి 1956లో ప్రచురించాడు. కూర్చుని పనిచేసే దుకాణదారులు, సూపర్వైజర్లు, గుమాస్తాల దగ్గర్నుంచి బరువులు మోసేవాళ్ళు, బొగ్గు పనివాళ్ళ దాకా అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

కాస్త తేలిక పని చేసేవాళ్ళ దగ్గర్నుంచి బాగా కష్టపడేవాళ్ళ దాకా చూస్తే, పని పెరిగేకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం దాదాపు ఒకేలా ఉంది. అంటే వాళ్ళ ఒళ్ళు ఖర్చుకి తగ్గట్టు ఆకలిని సర్దుకుంటోంది. కానీ అస్సలు కదలకుండా కూర్చునే గుంపు దగ్గరికొచ్చేసరికి ఈ సర్దుబాటు తెగిపోయింది. పని తగ్గింది, తిండి తగ్గలేదు. పైగా తేలిక పని చేసేవాళ్ళకంటే ఎక్కువే తిన్నారు. బరువూ వాళ్ళదే ఎక్కువ.

నా మట్టుకు నాకు ఈ మొత్తం చదువులో కళ్ళు తెరిపించింది ఇదే. ఇది ఒకేసారి తీసిన ఫోటోలాంటి అధ్యయనం. కుర్చీ వల్ల లావయ్యారా, జీతం, హోదా, తిండి అలవాట్లూ వేరుగా ఉండటం వల్లా అన్నది దీంతో తేలదు. కానీ అది చూపించిన ఆకారం మాత్రం మా తాతయ్య ప్రశ్నకి సగం జవాబు. పడవ లాగినవాడికీ, ఊడ్పులకెళ్ళినవాడికీ ఆకలి మీటరు సరిగ్గా పనిచేసింది. కుర్చీలో పది గంటలు కూర్చునే నాకు ఆ మీటరు సరిగ్గా పనిచెయ్యట్లేదు. పని లేకపోయినా సాయంత్రం ఐదింటికి సమోసా గుర్తొస్తుంది.

ఇంచుమించు అదే కాలంలో లండన్లో మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చాడు. 1953లో ఆ ఫలితాలొచ్చాయి. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువ, కూర్చునే డ్రైవర్లకి ఎక్కువ. తర్వాత 1956లో ఆ బృందమే తమాషాగా యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తీసి చూసింది. డ్రైవర్ల నడుములు పెద్దవి. కానీ ఇక్కడో మెలిక ఉంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్ల నడుములు కూడా అప్పటికే కండక్టర్లకంటే పెద్దవి! సీటు వల్ల లావయ్యారా, లావుగా ఉన్నవాళ్ళే సీటు చూసుకున్నారా? ఈ ప్రశ్న మా ఫ్లోరు మీద కూడా అడగొచ్చు.

నడకకి పేరు పెట్టిన వాళ్ళు

పనిలో నడక పోయాక, దాన్ని వ్యాయామంగా మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చింది. 1960ల మొదట్లో న్యూజీలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ మామూలు జనాన్ని మెల్లగా, దూరాలు పరిగెత్తించాడు. 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికా వైమానిక దళం డాక్టరు 'ఏరోబిక్స్' పేరుతో పుస్తకం రాశాడు. ఆ తర్వాత పార్కుల నిండా జాగర్లే.

1993లో రోమైన్ బృందం ఒక ముఖ్యమైన ప్రయోగం చేసింది. బాగా అలవాటున్న సైక్లిస్టులని వాళ్ళ గరిష్ట సామర్థ్యంలో 25, 65, 85 శాతం దగ్గర తొక్కించి ఏ ఇంధనం ఎంత మండుతోందో కొలిచారు. కొవ్వు అన్నిటికంటే ఎక్కువ మండింది 65 శాతం దగ్గర, అంటే మధ్యస్థ వేగంలో. అంతకంటే గట్టిగా తొక్కితే పిండిపదార్థం వాటా పెరిగింది. ట్రెడ్‌మిల్ మీద 'ఫ్యాట్ బర్నింగ్ జోన్' అని రంగుల బొమ్మ ఉంటుంది చూశారా, దానికి ఊపిరిపోసింది ఇలాంటి ప్రయోగాలే.

కానీ ఇక్కడే చాలామంది పొరబడ్డారు, నాతో సహా. వ్యాయామం చేసే గంటలో కొవ్వు మండటం వేరు, నెల తిరిగేసరికి ఒంట్లో కొవ్వు తగ్గటం వేరు. పొద్దున కొవ్వు మండితే మిగతా రోజంతా ఒళ్ళు పిండిపదార్థాన్ని కాస్త ఎక్కువ వాడుకుని లెక్క సరిచేసుకుంటుంది. రోజు చివర్లో ఖాతాలో మిగిలేది మొత్తం ఖర్చూ, మొత్తం తిండీ, వాటి మధ్య తేడా. జోన్ అనేది కాష్ మెమరీ లాంటిది, అసలు డేటాబేసు వేరే ఉంది.

1996లో జపాన్‌లో తబాటా ప్రయోగం వచ్చాక అసలు పొడుగు కార్డియో దండగ, దంచికొట్టి ఆపే ఇంటర్వెల్సే మేలు అన్న గాలి వీచింది. మా ట్రైనర్ ఆ గాలి మనిషే. 2017లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు రెండొచ్చాయి. ఒంట్లో కొవ్వు తగ్గే విషయంలో రెండు పద్ధతులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంటర్వెల్స్‌కి టైము తక్కువ పడుతుంది, ఆ మాట నిజం. కానీ 30 ఏళ్ళు కుర్చీలో మురిగిన మోకాళ్ళకి ఏది వారం తర్వాత కూడా సాగుతుందో మీరే ఆలోచించుకోండి.

మరి పొడుగు నడకకి ఫలితం ఎంత? 2024 డిసెంబరులో వచ్చిన ఒక పెద్ద సమీక్ష బరువెక్కువున్న పెద్దవాళ్ళ మీద జరిగిన 116 ప్రయోగాలని కలిపి చూసింది. వారానికి ఒక్కో 30 నిమిషాలు ఏరోబిక్ వ్యాయామం పెంచినకొద్దీ సగటున అర కిలో బరువు, అర సెంటీమీటరు నడుం చొప్పున తగ్గాయి. వారానికి 300 నిమిషాల దాకా ఈ తగ్గుదల కనిపించింది. చెప్పుకోదగ్గ మార్పు కావాలంటే కనీసం 150 నిమిషాలు కావాలి. అంటే వేగం కంటే నిమిషాలు ముఖ్యం. పడవ లాగినవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలిసిన విషయం.

ఒక బందరు లడ్డూ ఖరీదు

నా సొంత లెక్క చెప్తాను. నా బరువు 80 కిలోలు. 5 కిలోమీటర్లు నడిస్తే అదనపు ఖర్చు 200 కేలరీలు. ఒక మాదిరి సైజు బందరు లడ్డూలో అంతకి తక్కువుండదు. గంట నడకని రెండు నిమిషాల్లో చప్పరించెయ్యొచ్చు, అదీ నెయ్యి వాసనతో సహా. లడ్డూ తినకుండా నెలంతా నడిస్తే 6,000 కేలరీలు, కాగితం మీద ముప్పావు కిలో కొవ్వు. అందులోనూ ఒళ్ళు కొంత వెనక్కి లాక్కుంటుంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అదనంగా పెట్టిన ఖర్చులో సగటున 28 శాతం దాకా ఒళ్ళు వేరేచోట పొదుపు చేసుకుంటుంది, లావుగా ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. మిగిలేది నెలకి అర కిలో పైచిలుకు.

ఇంతేనా అనిపించింది నాకు కూడా. పక్క సీటాయన మాటలో నిజం ఉంది. బరువు దిగాలంటే కంచం వైపు చూడక తప్పదు. నడక ఒక్కటే ఆ పని చెయ్యలేదు.

కానీ నడక చేసేవి వేరే రెండున్నాయి. మొదటిది, లివర్. 2009లో ఆస్ట్రేలియాలో ఊబకాయం ఉన్నవాళ్ళ చేత నాలుగు వారాలు, వారానికి మూడు సార్లు, 30 నుంచి 45 నిమిషాలు స్థిరంగా సైకిల్ తొక్కించారు. బరువు తగ్గలేదు. లివర్లో కొవ్వు మాత్రం ఐదో వంతు తగ్గింది. కాటా చూసి నడక మానేసేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. కాటాకి లివర్ కనపడదు. రెండోది, తగ్గిన బరువు మళ్ళీ ఎక్కకుండా ఉండటం. అమెరికాలో 1994 నుంచి, బరువు బాగా తగ్గి దాన్ని నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు ఒక రిజిస్ట్రీలో రాస్తున్నారు. వాళ్ళల్లో చాలామందిలో కనిపించే అలవాటు రోజూ గంట పాటు శ్రమ, ఎక్కువగా నడకే. దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నది ఇది: తిండి తగ్గించటం అప్పు తీర్చటం, నడక మళ్ళీ అప్పు చెయ్యకుండా ఉండటం. దానితోపాటు వారానికి రెండు రోజులు బరువులెత్తితే కండ కరగకుండా ఉంటుంది. అది మన తాలింఖానావాళ్ళు పెట్టిన వాటా.

మన ఒళ్ళు వేరే రకం

ఇక్కడ మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో ఒకటి వచ్చింది. పుణేకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్తపడమనటానికి కారణం ఇదే. సన్నగా ఉంటూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్ళు మనది. తరతరాల ఆకలికీ దీనికీ సంబంధం ఉండొచ్చని కొందరి ఊహ. నిజమైతే, డొక్కల కరువు చూసిన నేల మనుషులకి ఫ్యాటీ లివర్ రావటంలో ఆశ్చర్యం ఏముంది?

2025లో హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మంది మీద జరిపిన అధ్యయనం వచ్చింది. 84 శాతం మంది లివర్లో కొవ్వు. 71 శాతం మందికి ఊబకాయం. నా రిపోర్టు చూసి కంగారుపడ్డానుగానీ, తీరా చూస్తే నేను మెజారిటీ పార్టీలో ఉన్నాను. మీరు కూడా అందులోనే ఉండొచ్చు, ఒకసారి చూపించుకోండి.

అన్నట్టు, ఇది పట్నం జబ్బు మాత్రమే అనుకోకండి. సంక్రాంతికి చూశాను. గుడివాడ చుట్టూ దమ్ముకి ట్రాక్టరు, కోతకి మిషను, పొలం గట్టు దాకా బైకు. వరి పొలాలు చాలా చోట్ల చేపల చెరువులైపోయాయి. పక్క వీధిలో కొట్టుకి కూడా బండి తియ్యకుండా వెళ్ళేవాడు లేడు. నడక అంటే ఇప్పుడు మన రాష్ట్రంలో నాయకులు చేసేది. 2012-13లో ఒకాయన 208 రోజుల్లో 2,817 కిలోమీటర్లు, 2017-19లో ఇంకొకాయన 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు. రాజకీయాల జోలికి పోనుగానీ, ఇద్దరూ మా కృష్ణా జిల్లా మీదుగానే నడిచారు, మనవాళ్ళు బైకుల మీద వెళ్ళి చూసొచ్చారు :)

తాతయ్యకి జవాబు

పండగ అయిపోయాక, బయల్దేరే ముందు రోజు సాయంత్రం తాతయ్యతో కాలవ గట్టు మీద నడిచాను. చదివిందంతా చెప్పాను. "రెండూనూ తాతయ్యా. తిండి తక్కువ, నడక ఎక్కువ. దానికంటే ముఖ్యంగా మీరు రోజంతా కూర్చోలేదు, అందుకని మీ ఆకలి మీకు అబద్ధం చెప్పలేదు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అది సరేగానీ, ఆ రోజులు బాగున్నాయని మాత్రం ఎక్కడా రాయబాకు. పడవ లాగినోళ్ళు యాభై ఏళ్ళు బతికితే గొప్ప."

నిజమే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గరుండేది. ఆ సన్నటి ఒళ్ళన్నీ ఆరోగ్యం కాదు, చాలావాటిలో ఆకలుంది, క్షయ ఉంది. పడవలో కూర్చున్నవాళ్ళు వేరు, తాడు లాగినవాళ్ళు వేరు. నడక ఎవరికీ ఇష్టమై రాలేదు, తప్పక వచ్చింది. తప్పించుకునే అవకాశం రాగానే అందరూ తప్పించుకున్నారు, అందులో తప్పేమీ లేదు. మా తాతయ్య కష్టపడి మా నాన్నని చదివించింది, మా నాన్న నన్ను ఇంజనీరింగ్ చేర్చింది, నేను తాడు లాగకుండా కుర్చీలో కూర్చోటానికే. ఆ కుర్చీ దొరికింది. దాంతోపాటు వచ్చిన బిల్లు నా లివర్ మీద రాసుంది.

కాబట్టి నేను చేస్తున్నది చెప్తాను, సలహా అనుకోకండి. వారానికి 300 నిమిషాలు, మాట్లాడగలిగే వేగంతో, పాట పాడలేనంత శ్రమతో. ఫోన్ కాల్స్ అన్నీ నడుస్తూనే. రాత్రి అన్నం సగం. లడ్డూ పండక్కి మాత్రమే. వారానికి రెండు రోజులు బరువులు. ఏడు వారాలైంది. కాటా మీద రెండు కిలోలే తగ్గాను. ప్యాంటు బెల్టుకి మాత్రం ఒక కన్నం లోపలికొచ్చింది. మళ్ళీ స్కాన్ వచ్చే నెల.

ఆ సాయంత్రం లాకుల దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి నాకు ఆయాసం వచ్చింది. తాతయ్య నాలుగడుగులు ముందున్నాడు. వెనక్కి చూసి, "రారా, ఫీజు కట్టావుగా" అన్నాడు.